ఒకే గది, ఐదు వరసల బండలు

నేను ఒక గదిని. పద్దెనిమిది అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు, ఒక తలుపు, రెండు కిటికీలు, ముందు ఒక అరుగు. అంతకు మించి నాలో ఏమీ లేదు. మొదట్లో నా నుదుటి మీద సమితి ప్రాథమిక పాఠశాల అని రాశారు. తర్వాత అది చెరిపి మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల అని రాశారు. సున్నపుగుట్ట ఊరివాళ్లకు మాత్రం నేను మొదటినుంచీ బడినే.

మా ఊరు నాపరాళ్ల గనుల మధ్య ఉంది. ఇక్కడివాళ్లకు భూమి అంటే దున్నేది కాదు, పొరలు పొరలుగా లేపేది. వీళ్లు లేపిన బండలు లారీలెక్కి పట్నాలకు పోయి ఎవరెవరి ఇళ్లలోనో నున్నగా పరుచుకుంటాయి. లేపినవాళ్ల ఇళ్లలో మాత్రం పేడతో అలికిన నేలే. 1966లో ఊరికి సర్కారు ఒక అయ్యవారిని ఇచ్చింది కానీ గదిని ఇవ్వలేదు. వీరభద్రాచారి అయ్యవారు ఆరు నెలలు గని ఒడ్డున రేకుల పాక కింద పాఠం చెప్పి, ఇక గొంతు చాలక, ఊరిపెద్దలను పిలిచి అడిగారు. రాళ్ల శబ్దంలో రెండో ఎక్కం ఎనిమిది దగ్గరే ఆగిపోతోందని చెప్పారు.

అప్పుడు పుట్టాను నేను. వారానికొకసారి గనికి సెలవు వచ్చినప్పుడల్లా ఇంటికొకరు చొప్పున వచ్చి నన్ను కట్టారు. గని షావుకారు వద్దని పక్కన పారేసిన అంచు విరిగిన బండలు, మచ్చ పడిన బండలు మోసుకొచ్చి గోడలు లేపారు. తుమ్మ దూలాల మీద బండలు పరిచి పైన సున్నం కొట్టారు. అందుకే నాలో ఏ రెండు రాళ్లూ ఒక్క కొలతలో ఉండవు. ఎండాకాలం పైకప్పు పెనంలా కాలుతుంది. వానాకాలం మూడుచోట్ల కారుతుంది. ఆ మూడుచోట్లూ ప్రతి పిల్లకూ, ప్రతి పిల్లాడికీ తెలుసు. మొదటి చినుకుకే పలకలు చంకన పెట్టుకుని జరిగిపోతారు.

నేల మాత్రం అయ్యవారు దగ్గరుండి పరిపించారు. తలుపు దగ్గరినుంచి నల్లబల్ల దాకా సరిగ్గా ఐదు వరసల బండలు. ఒకటో తరగతి తలుపు దగ్గరి వరస, ఎందుకంటే వాళ్లకే మాటిమాటికీ బయటికి పరిగెత్తాల్సిన అవసరం వస్తుంది. ఐదో తరగతి నల్లబల్ల కింది వరస. జూన్‌లో బడి తెరిచిన రోజు అయ్యవారు "జరగండి" అంటారు. అందరూ లేచి ఒక్క వరస ముందుకు జరుగుతారు. ఐదో వరసవాళ్లకు జరగడానికి చోటుండదు కాబట్టి నమస్కారం పెట్టి బయటికి పోతారు. మా దగ్గర పై తరగతికి పోవడమంటే అంతే.

చేర్చుకోవడానికి కూడా ఒక పద్ధతి ఉండేది. పిల్ల ఎప్పుడు పుట్టిందంటే "పెద్ద గాలివాన వచ్చినేడు" అనో, "మా గొడ్డు ఈనినప్పుడు" అనో చెప్పేవాళ్లు. అయ్యవారు ఆ లెక్కలు వదిలేసి పిల్లను గుమ్మం దగ్గర నిలబెట్టేవారు. కుడిచెయ్యి తల మీదుగా వేసి ఎడమ చెవిని పట్టుకోవాలి. అందితే ఆరేళ్లు. అందకపోతే వచ్చే ఏడు రావాలి. అందినవాళ్లందరికీ ఆయన పుట్టిన తేదీ జులై ఒకటి అని రాసేవారు. నా ఇనుప పెట్టెలో ఉన్న దాఖలా పుస్తకం ప్రకారం సున్నపుగుట్టలో మిగిలిన మూడువందల అరవై నాలుగు రోజుల్లో ఎవరూ పుట్టలేదు.

1967 జూన్‌లో సుంకులమ్మ అనే ఆవిడ తన కూతురు మద్దమ్మను చంకనేసుకుని వచ్చింది. చంకలో ఎక్కి వచ్చిన పిల్లకు ఆరేళ్లని చెప్పడానికి గుండె కావాలి. సుంకులమ్మకు ఉంది.

"ఎన్నేండ్లమ్మా పాపకు?" అన్నారు అయ్యవారు.

"ఆరు, సామీ."

"ఆరేండ్ల పిల్లను సంకనేసుకొస్తివి?"

"ఎండ గదా. కాళ్లు కాల్తాయని."

"సరే, దించు. చెయ్యి పెట్టమను."

మద్దమ్మ చెయ్యి తల మీదుగా వేసింది. వేళ్లు జుట్టు దాటాయి కానీ చెవికి ఇంకా రెండు వేళ్ల దూరం. సుంకులమ్మ వంగి మోచెయ్యి పట్టుకుని లాగింది.

"లాగితే చెయ్యి సాగదమ్మా, అదేమన్నా జీడిపాకమా?" అన్నారు అయ్యవారు. వరసల్లో పిల్లలు నవ్వారు.

సుంకులమ్మ నవ్వలేదు. గొంతు తగ్గించింది. "మీకు తెల్వనిదేముంది సామీ. దీనికి నాలుగే. నేను గనిలోకి దిగితే ఇది ఒడ్డు మీద కూసోనుంటాది. పోయినేడు మా తోడికోడలి బిడ్డ గూడా అట్లనే కూసోనుండె."

అయ్యవారికి తెలుసు. ఆ బిడ్డ జారి గని గుంతలో పడిన రోజు పాఠం ఆపి ఆయనే ముందు పరిగెత్తారు. ఇప్పుడు ఆయన కాసేపు కిటికీలోంచి బయటికి చూశారు. తర్వాత వంగి, మద్దమ్మ తలను ఒక్క వేలితో ఎడమ పక్కకు కాకుండా కుడి పక్కకు వంచారు. భుజం లేచింది, చెవి పైకొచ్చింది, వేలి కొసలు దానికి తగిలాయి.

"అందింది" అన్నారు, అందరికీ వినిపించేలా. వెళ్లి పుస్తకంలో 1-7-1961 అని రాశారు.

నిజానికి ఆ పిల్ల పుట్టింది 1963 ఎండాకాలంలో. ఆ మాట అయ్యవారికి తెలుసు, సుంకులమ్మకు తెలుసు, నాకు తెలుసు. పిల్లకు ఆ పూట కావలసింది వేరే. మొదటి వరసలో బండ చల్లగా ఉంది, వెంటనే దాని మీద పడుకుని నిద్రపోయింది. ఆ ఏడంతా ఆమె నేర్చుకున్నది తక్కువ, నిద్రపోయింది ఎక్కువ. నిద్రలోనే ఎక్కాలు వచ్చాయేమో, రెండో వరసకు వచ్చేసరికి మూడో వరసవాళ్లకు అందించడం మొదలుపెట్టింది.

ఐదేళ్లకు నమస్కారం పెట్టి పోయింది. ఊళ్లో పది పాసైన మొదటి ఆడపిల్ల, డిగ్రీ చదివిన మొదటి మనిషి, టీచరు ఉద్యోగం వచ్చిన మొదటి మనిషి ఆమే అయింది. ఆ సంగతులన్నీ నా అరుగు మీద కూర్చున్నవాళ్ల మాటల్లో విన్నాను. నేను కదలను కదా, ఎవరన్నా వచ్చి చెబితేనే నాకు తెలియాలి.

ఈలోగా నాకు చాలా గౌరవాలు జరిగాయి. ఎన్నికలప్పుడు నన్ను కడిగి ముగ్గు వేసేవాళ్లు. మర్నాడు మళ్లీ ఎవరూ కడిగేవాళ్లు కాదు. ఎవరు గెలిస్తే వాళ్లకు నచ్చిన రంగు నాకు పూసేవాళ్లు. నాకు పక్కనే కొత్త భవనం కడతామని మూడుసార్లు మూడు శంకుస్థాపన ఫలకాలు పాతారు. భవనం రాలేదు, ఫలకాలు గట్టివి. మేకలు వాటికి వీపు రుద్దుకుంటాయి. వీరభద్రాచారి అయ్యవారు రిటైరై పోయారు, తర్వాత కాలం చేశారు. ఆయన వెనక ఎనిమిదిమంది సార్లు వచ్చారు, పోయారు. బదిలీ కాగితం రాగానే అందరూ ఒకేలా సంతోషించారు. అది వాళ్ల తప్పు కాదు, ఇక్కడికి బస్సు లేదు.

2016లో మద్దమ్మ మేడమ్ అడిగి మరీ ఇక్కడికి బదిలీ చేయించుకుని వచ్చింది. లోపలికి వస్తూ చెప్పులు విడిచి, తలుపు దగ్గరి వరసలో ఒక బండను కాలితో తడిమి, "ఇదే" అనుకుని, వెళ్లి కుర్చీలో కూర్చుంది. ఒక్కతే ఐదు తరగతులకూ చెప్పేది. నాలుగో వరసకు లెక్క ఇచ్చి, వాళ్లు చేసేలోగా ఒకటో వరసకు అక్షరాలు దిద్దించి, మూడో వరసవాళ్లతో రెండో వరసకు ఎక్కాలు చెప్పించి మళ్లీ నాలుగో వరసకు వచ్చేది. బయటినుంచి వింటే గోలగా ఉంటుంది. లోపలుంటే అందులో ఒక తూకం తెలుస్తుంది.

ఆమె వచ్చిన రెండేళ్లకు హుసేనప్ప వచ్చాడు. బండల లారీ నడుపుతాడు, ఒకప్పుడు నా మూడో వరసలోనే చదువు ఆపేసినవాడు. కూతురు చంద్రిక నా ఐదో వరస దాటి హైస్కూలుకు వెళ్లి పదో తరగతిలో ఉంది.

"మేడమ్మా, ఒక కాయితం రాసియ్యాల."

"ఏం కాయితం హుసేనప్పా?"

"మా చంద్రికకు పద్దెనిమిది నిండినాయని. సంబంధం కుదిరింది."

"పదిహేనే గదా నిండింది."

"ఆ పుస్తకంలో గదా? ఆ పుస్తకంలో ఎవురిది నిజమైంది? ఊరంతా జులై ఒకటినే పుట్న్యారంట! అందరికీ ఒగటే మంత్రసాని, యాడ సాల్తాది చెప్పు?"

మేడమ్‌కు నవ్వు వచ్చింది, ఆపుకుంది. "తారీఖు అంచనాదే. కాదనను. కానీ నేను పుస్తకంలో ఉన్నది ఉన్నట్టే రాసిస్తా. ఒక్క రోజు కూడా కలపను."

"నీదైతే?"

"నాదైనా అంతే."

హుసేనప్ప కాగితం లేకుండానే పెళ్లికి దిగాడు. ఆఫీసర్లు వచ్చి వయసు రుజువు అడిగారు. నా పెట్టెలోంచి పుస్తకం బయటికొచ్చింది. పెళ్లి ఆగింది. పెట్టిన పందిరి పీకుతూ హుసేనప్ప ఊరంతా వినేలా మేడమ్‌ను తిట్టాడు. ఆ తర్వాత ఐదేళ్లు ఆమెతో మాట్లాడలేదు. చంద్రిక కర్నూలులో నర్సు చదువులో చేరింది, సెలవులకు వచ్చినప్పుడల్లా నా అరుగు మీద కూర్చుని మేడమ్‌తో గంటలు గంటలు మాట్లాడేది. తండ్రి దూరంగా లారీ టైర్లు తంతూ నిలబడి, చూడనట్టే చూసేవాడు.

2023 వేసవి మొదట్లో మేడమ్‌కు ఆఫీసునుంచి కాగితం వచ్చింది. పుస్తకం ప్రకారం ఆమెకు అరవై రెండేళ్లు నిండబోతున్నాయి కాబట్టి జూన్ ముప్పైన పదవీ విరమణ. దాని కిందే ఇంకో వాక్యం. పదకొండుమంది పిల్లలే ఉన్నందున కొత్త టీచరును వెయ్యరు, పిల్లలను పెద్దమెట్ట బడిలో కలుపుతారు.

పెద్దమెట్ట రెండున్నర కిలోమీటర్లు. దూరం పెద్ద సమస్య కాదు, మా ఊరి పిల్లలు నడవగలరు. మధ్యలో లారీల రోడ్డు ఉంది. దాని పక్క గడ్డి కూడా తెల్లగా ఉంటుంది, దుమ్ముకు. బండల లోడుతో లారీలు ఒకదాని వెనక ఒకటి తోక పట్టుకున్నట్టు పోతాయి, బ్రేకు వేసినా వెంటనే ఆగలేవు. ఆ రోడ్డు దాటించాలంటే కూలికి పోయే తల్లులు భయపడి పిల్లలను తమ వెంటే గనికి తీసుకుపోతారని మేడమ్‌కు తెలుసు. ఆమెకన్నా బాగా ఎవరికి తెలుస్తుంది?

ఆమె ఇంకో రెండేళ్లు ఉంటే ఊళ్లో అంగన్‌వాడీ పిల్లలు ఐదారుగురు ఎదిగొస్తారు, సంఖ్య పెరుగుతుంది, బడి నిలుస్తుంది. ఆ రెండేళ్లు ఆమెకు నిజంగానే ఉన్నాయి, పుస్తకంలోనే లేవు.

ఊరు నా అరుగు మీద చేరింది. ఆఫీసులో ఒక గుమాస్తా చెప్పిన మాట ఎవరో మోసుకొచ్చారు. బడి దాఖలా పుస్తకంలో పుట్టిన ఏడు అరవై మూడు అని ఉండి, ఉద్యోగంలో చేరినప్పుడు పొరపాటున అరవై ఒకటి అని ఎక్కిందని చూపిస్తే, కాగితం కదిలించొచ్చునట.

"ఒకటిని మూడు జెయ్యాల, అంతే గదా?" అన్నాడు సర్పంచి తమ్ముడు. "దానికి ఇంతమందిమి కూసోవాల్నా?"

"అబద్దమేం గాదు గదా" అంది బడిలో వంట చేసే పుల్లమ్మ. "నేను దానికంటే పెద్దదాన్ని. అది పుట్నప్పుడు నేను నీళ్లు కాసినోళ్ల పక్కన కూసోనుంటి. నాకు అప్పుడు పండ్లు ఊడ్తాండె."

"నీ పండ్లు ఊడింది సాచ్చమని ఆపీసులో రాస్తారా?" అన్నాడొకడు. అందరూ నవ్వారు.

నవ్వులు ఆగాక వెనకనుంచి హుసేనప్ప అన్నాడు, ఐదేళ్లలో మొదటిసారి: "రాసుకో మేడమ్మా. సాచ్చి సంతకం నేను పెడ్తా. పెట్నాంక, మా ఇంటి ముందర పందిరి పీకిన దినం గురించి నీతో మాట్లాడ్తా."

మేడమ్ ముఖం ఎర్రబడింది. "రేపు చూస్తా" అని లేచింది.

మర్నాడు మధ్యాహ్నం పిల్లలు అన్నాలు తిని బయట ఆడుకుంటుండగా ఆమె ఇనుప పెట్టె తెరిచి ఆ మొదటి పుస్తకం తీసింది. కాగితం పసుపుపచ్చగా మారింది కానీ వీరభద్రాచారి అయ్యవారి సిరా మాత్రం నల్లగానే ఉంది. మద్దమ్మ, తండ్రి పేరు, కులం, 1-7-1961. చివరి ఒకటి నిటారుగా ఉంది, పైనా కిందా రెండు సున్నాల సగాలు తగిలిస్తే మూడైపోతుంది. ఆమె చేతిలో కలం మూత తీసి ఉంది.

నిజం చెప్పాలంటే నేను గీయమనే కోరుకున్నాను. యాభై ఆరేళ్లుగా పిల్లల శబ్దానికి అలవాటుపడ్డ గదిని. ఆమె గీసేది నిజమే కదా అని కూడా అనుకున్నాను. ఎవరికి నష్టం?

ఆమె చాలాసేపు ఆ ఒక్క వరసనే చూసింది. తర్వాత పేజీలు తిప్పింది. రెండో పుస్తకం, మూడో పుస్తకం. వాటిలో చంద్రిక పేరు వచ్చింది. కలానికి మూత పెట్టింది.

తలుపు దగ్గర పుల్లమ్మ నిలబడి ఉంది. "గీసినావా?"

"లేదక్కా."

"చెయ్యి రాలేదా?"

"వచ్చింది. మూడు జెయ్యడం సుళువే. రేపు ఇంకొగాయన వచ్చి, నువ్వు జేసుకున్నావు గదా, మా పాపకూ జెయ్యి అంటాడు. అప్పుడు నేను ఏ ముఖం పెట్టుకుని కాదనాల? నేను లేకున్నా, పుస్తకం చూసినోళ్లు దాన్ని నమ్మల్ల గదా."

"మరి బడి మూస్తారు."

"మూస్తారు."

"పిల్లోల్లు ఆ రోడ్డు ఎట్ల దాటాల?"

మేడమ్ పుస్తకాలు పెట్టెలో పెట్టి తాళం వేసింది. ఆ సాయంత్రం ఎవరడిగినా "గీయలేదు" అని మాత్రమే చెప్పింది. కొందరు మెచ్చుకున్నారు. ఎక్కువమంది తిట్టుకున్నారు. పెద్ద నీతిమంతురాలు, ఊరి బడి పోగొట్టింది అన్నారు. నాకూ ఆ రోజు వాళ్ల పక్షానే ఉండాలనిపించింది.

జూన్ ముప్పైన ఒక దండ, ఒక గోడ గడియారం ఇచ్చారు. ఆఫీసునుంచి వచ్చిన సారు పెట్టె లెక్క చూసుకుని జీపులో వేసుకుపోయాడు. నల్లబల్ల మీద ఆఖరి లెక్క అట్లాగే ఉంది. తలుపుకు తాళం పడింది. లోపల ఐదు వరసల బండలూ ఒక్కసారిగా ఒకే నేల అయిపోయాయి.

సోమవారం పొద్దున ఎనిమిదిన్నరకు నా అరుగు దగ్గర మాటలు వినిపించాయి. పదకొండుమంది పిల్లలు సంచులు తగిలించుకుని నిలబడ్డారు. వాళ్ల ముందు మద్దమ్మ, ఆఫీసు చీర కాదు, మామూలు నూలు చీర, చేతిలో ఒక కర్ర. జీతం లేదు, హోదా లేదు, ఎవరూ పొమ్మనలేదు. "ఒకటో తరగతి నా పక్కన, ఐదో తరగతి వెనక" అని నిలబెట్టి బయల్దేరింది. ఆ వరసలు నా లోపలివే, ఇప్పుడు దారి మీద పోతున్నాయి.

నా తూర్పు కిటికీ రెక్క విరిగి ఏడాదైంది, అందులోంచి రోడ్డు కనిపిస్తుంది, అక్కడి మాటలూ వినిపిస్తాయి. ఆమె కర్ర పైకెత్తింది. మొదటి లారీ ఆగలేదు. రెండోది హారన్ కొడుతూ పోయింది. మూడో లారీ దుమ్ములో పిల్లలు కళ్లు మూసుకున్నారు. ఆమె కర్ర దించలేదు. ఎంతసేపు అట్లా నిలబడిందో నేను లెక్కపెట్టలేదు. పెద్దమెట్టలో మొదటి గంట కొట్టి ఉంటారని మాత్రం అనుకున్నాను.

అప్పుడు గని వైపునుంచి ఒక ఖాళీ లారీ వచ్చింది. వచ్చి రోడ్డుకు సగం దాకా వంకరగా తిరిగి, ఇంకొంచెం తిరిగి, రెండు వైపులకూ దారి లేకుండా అడ్డంగా ఆగింది. ఇంజను ఆగిపోయింది. హుసేనప్ప దిగి, చక్రం పక్కన నిలబడి బీడీ వెలిగించుకున్నాడు.

వెనక లారీలు హారన్లు మొదలుపెట్టాయి. ఒక డ్రైవరు తల బయటికి పెట్టి అరిచాడు. "ఏందిరా హుసేనప్పా, తాగినావా పొద్దున్నే?"

"ఇంజను సెడిపోయింది."

"పక్కకు దొబ్బు!"

"నువ్వొచ్చి దొబ్బు. నా బండి బరువు ఎంతో తెల్సా?"

పిల్లలు దాటుతున్నారు. చిన్నపిల్ల ఒకతి మధ్యలో ఆగి లారీ ముందు గాజులో తన ముఖం చూసుకుంది, ఎవరో సంచి పట్టి లాగారు. ఆఖరున మేడమ్ అతని పక్కనుంచి పోతూ ఆగింది. ఐదేళ్ల తర్వాత ఇద్దరూ అంత దగ్గరగా నిలబడటం అదే మొదటిసారి.

"ఇది దినామూ సెడిపోతాదా హుసేనప్పా?"

అతను ఆమె వైపు చూడలేదు. పొగ వదిలి, చక్రాన్ని కాలితో తన్నాడు. "పొద్దున ఎనిమిదీ నలబైకి సెడిపోతాది. సాయంత్రం నాలుగుంబావుకు ఇంగోసారి. పాత బండి, ఏం జేస్తాం?"

మేడమ్ పిల్లల వెనక నడిచింది. ఆఖరి సంచి ఎదురుగట్టు ఎక్కేదాకా అతను బీడీ కాల్చాడు. తర్వాత ఎక్కి తాళం తిప్పాడు. ఇంజను మొదటి తిప్పుకే మొదలైంది.